స్ప్లెండర్ 2003 మోడల్ సైలెన్సర్‌కి చిల్లు – ఇంట్లోనే మార్చుకోవచ్చా?

కాకినాడ_తీరం

అందరికీ నమస్కారమండి. మా నాన్నగారి హీరో హోండా స్ప్లెండర్, 2003 మోడల్. నన్ను బడికి దింపింది, చెల్లిని కాలేజీకి దింపింది ఈ బండే. ఆయన రిటైరయ్యాక ఇప్పుడు పొద్దున్నే రైతుబజారుకి, సాయంత్రం గుడికి వెళ్లి రావడానికి వాడుతున్నారు. రానూపోనూ కలిపితే మూడు కిలోమీటర్లు ఉండదు.

రెండు నెలలుగా శబ్దం పెరిగింది. స్టార్ట్ చేయగానే బరబరమంటుంది. స్పీడులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఫట్ ఫట్‌మని కొడుతుంది. తెల్లారగట్ల వీధిలో అందరికీ మెలకువ వస్తోందని నాన్నగారు బండిని సందు చివరిదాకా నడిపించుకెళ్లి అక్కడ స్టార్ట్ చేస్తున్నారు. డెబ్భై ఏళ్ల మనిషి అలా బండి తోసుకుంటూ వెళ్తుంటే చూడలేకపోతున్నాను.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ పని నా చేత్తో చేయాలని ఉంది. ఆయిల్ మార్చడం, ప్లగ్ తుడవడం, చైన్ బిగించడం వచ్చు. సైలెన్సర్ ఎప్పుడూ విప్పలేదు. ఇంట్లో చేసుకునే పనేనా? ఏమేం కావాలి?

పుత్లీబౌలి_కుర్రాడు

చేసుకోవచ్చు బ్రదర్, స్ప్లెండర్‌కి అదేం పెద్ద పని కాదు. ముందు చిల్లు ఎక్కడుందో చెప్పండి. ఇంజన్ దగ్గర జాయింట్‌లోనా, బెండు పైపులోనా, వెనక డబ్బా కిందా? ఫట్ ఫట్‌మని కొడుతోందంటే నాకు ముందు జాయింట్ మీద కూడా అనుమానం ఉంది.

కాకినాడ_తీరం

ఇప్పుడే టార్చి వేసి చూశానండి. వెనక డబ్బా అడుగున, సెంటర్ స్టాండ్ దాటాక, కాసేపు వర్షంలో నానిన అట్టలా ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయింది. ఎర్రటి పొడి రాలింది. రూపాయి బిళ్లంత చిల్లు ఒకటి, పక్కన చిన్నవి మూడు నాలుగు. పైనుంచి చూస్తే క్రోమ్ ఇంకా మెరుస్తూనే ఉంది, అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు.

ముందు జాయింట్ దగ్గర, ఇంజన్ పైభాగమైన హెడ్ కింద పైపు కలిసేచోట, చుట్టూ మసి నల్లగా పేరుకుని ఉంది. అది మామూలేనా?

పాతబండి_మాస్టారు

మామూలు కాదు బాబూ. మసి పట్టిందంటే అక్కడినుంచి గాలి తంతోందని అర్థం. హెడ్‌కీ పైపుకీ మధ్య సందు మూసే రింగు, అదే ప్యాకింగ్, పోయింది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వెళ్తుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి ఆ గాలితో కలిసి వేడి పైపులో అంటుకుంటుంది. మీరు వినే ఫట్ ఫట్ అదే. అంటే మీ బండికి రెండు జబ్బులున్నాయి. సైలెన్సరూ మార్చాలి, ప్యాకింగూ మార్చాలి.

డబ్బా ఎందుకు కుళ్లిందో కూడా చెబుతాను, కొత్తది వేశాక పనికొస్తుంది. పెట్రోలు కాలితే నీరు పుడుతుంది. ఎంతంటే, లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరే. ఇంజన్ బాగా వేడెక్కి బండి దూరం తిరిగితే అదంతా ఆవిరై వెనకనుంచి పోతుంది. మీ నాన్నగారిలా కిలోమీటరున్నర వెళ్లి ఆపేస్తే సైలెన్సర్ సరిగ్గా వేడెక్కదు. ఆవిరి లోపలే చల్లారి నీరై అడుగున నిలబడుతుంది. పొగలోని ఆమ్లాలు అందులో కరుగుతాయి. ఆ పులుపు నీళ్లు రోజూ రేకును తింటాయి. అందుకే లోపలినుంచి బయటికి తుప్పు వస్తుంది, పైన క్రోమ్ మెరుస్తూనే ఉంటుంది. మీరు సముద్రం పక్కనున్నారు కాబట్టి ఆ ఉప్పుగాలి బయటినుంచి కూడా తన పని తాను చేస్తుంది.

వేలు దిగిందన్నారు కదా, ఇక దానికి మరమ్మతు లేదు. మార్చేయండి.

గాజువాక_వెల్డింగ్

మాస్టారి మాటే నాదీ. నేను పాతికేళ్లుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. నెలకి పదిమంది ఇలాంటి సైలెన్సర్లు పట్టుకొచ్చి మాటు వేయమంటారు. రేకు గట్టిగా ఉండి, అతుకు దగ్గర పగులు ఇచ్చిందంటే వేస్తాను, ఏళ్లు నిలుస్తుంది. కుళ్లిన రేకు మీద మంట పెడితే చిల్లు ఇంకా పెద్దదవుతుంది. పక్కనున్న మంచి రేకు దాకా వెతుక్కుంటూ పోతే చివరికి డబ్బా అంతా మాటే అవుతుంది. డబ్బు తీసుకుని అలాంటి పని చేసి ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఎవరైనా సైలెన్సర్ బండికి ఉండగానే వెల్డింగ్ పెడతానంటే ఒప్పుకోకండి. పైన పెట్రోలు ట్యాంకు ఉంటుంది. విప్పి తెచ్చి ఇవ్వండి.

ఆర్ఎక్స్_వంద

సైలెన్సర్ మార్చే ముందు ఒకసారి నిప్పుల్లో వేసి కాల్చి చూడరాదా? మా యమహా ఆర్ఎక్స్ 100 బండికి ఏడాదికోసారి అలాగే చేసేవాళ్లం. లోపలి చిల్లుల గొట్టం తీసి కాల్చి, దులిపి పెడితే బండి కొత్తదానిలా లాగేది. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి పొగ అడ్డులేకుండా పోయి కొంచెం గంభీరంగా మోగే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేస్తే పికప్ కూడా వస్తుంది కదా.

పాతబండి_మాస్టారు

ఆర్ఎక్స్ టూ స్ట్రోక్ బండి బాబూ. పెట్రోల్లో ఆయిల్ కలిసి కాలుతుంది కాబట్టి సైలెన్సర్ లోపల జిగురుగా కార్బన్ పడుతుంది, దారి మూసుకుపోతుంది. అందుకే కాల్చేవాళ్లం. స్ప్లెండర్ ఫోర్ స్ట్రోక్. దాని సైలెన్సర్‌లో అంత మసి ఉందంటే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో పోయి ఇంజన్ ఆయిల్ తాగుతోందని. అప్పుడు వైద్యం చేయాల్సింది ఇంజన్‌కి. పైగా చిల్లు పడ్డ రేకును కాలిస్తే మిగిలేదేం ఉండదు. ఆ పొగ పీల్చడం కూడా మంచిది కాదు, పెరట్లో పిల్లలు తిరిగే ఇళ్లలో అసలే వద్దు.

ఓరుగల్లు_రైడర్

ఫ్రీ ఫ్లో మాట మీద నేను చెబుతాను. 97 సీసీ బండికి దానివల్ల వచ్చే పికప్ మీకు తెలియను కూడా తెలియదు. వెనకనుంచి వచ్చే ఒత్తిడి మారిపోతే కార్బ్యురేటర్ సెట్టింగ్ తప్పి పికప్ తగ్గడమూ ఉంది. ఇక శబ్దానికి, కాలుష్యానికి సంబంధించిన నిబంధన మీరితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో పదివేల రూపాయల దాకా జరిమానా ఉంది. పట్టుకున్న సైలెన్సర్లన్నీ రోడ్డు మీద వరసగా పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించడం మనందరం వార్తల్లో చూశాం. ఆయన ఈ పని మొదలుపెట్టిందే వీధిలో వాళ్ల నిద్ర పాడవకూడదని. కంపెనీ డిజైన్‌లో ఉన్నదే వేయండి.

పుత్లీబౌలి_కుర్రాడు

కొనే విషయానికి వద్దాం. స్ప్లెండర్, స్ప్లెండర్ ప్లస్, ప్యాషన్ సైలెన్సర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బ్రాకెట్ దగ్గర తేడా వస్తుంది. షాపువాడు "అన్నిటికీ ఇదే సెట్టవుతుంది సార్" అంటాడు, నమ్మి తెచ్చుకుంటే ఇంటి దగ్గర బోల్టు రంధ్రం అరంగుళం పక్కకి ఉంటుంది. పాతది విప్పి పట్టుకెళ్లడం ఉత్తమం. కుదరకపోతే ఆర్‌సీ చూపించి మోడల్, సంవత్సరం చెప్పండి.

హైదరాబాద్ వాళ్లకి పుత్లీబౌలిలో, రాణిగంజ్‌లో రెండు రకాలూ దొరుకుతాయి. కంపెనీ పెట్టె మీద ఇప్పుడు హీరో అని ఉంటుంది. 2011లో హోండా విడిపోయాక పేరు మారింది కదా, చూసి కంగారుపడకండి. బయటి కంపెనీ సరుకు కొంటే చేత్తో ఎత్తి చూడండి. మరీ తేలిగ్గా ఉంటే రేకు పలచన. ముందు ఫ్లాంజి, అంటే ఇంజన్‌కి నట్లతో బిగించే పలక, మందం చూడండి, అతుకు మీద వేలు పెట్టి ఎక్కడా తెగకుండా ఉందో లేదో చూడండి. ప్యాకింగ్ రెండు కొనండి, ఒకటి పాడైతే మళ్లీ షాపుకి పరిగెత్తక్కర్లేదు. స్టడ్డు (హెడ్‌లోంచి బయటికి ఉండే మరల కడ్డీ) మీద బిగించే నట్లు కూడా రెండు కొత్తవి తీసుకోండి. వాటి ఖరీదు టీ డబ్బులంత.

కాకినాడ_తీరం

చాలా థాంక్సండి అందరికీ. మెయిన్ రోడ్డులో కంపెనీ సైలెన్సరే దొరికింది, ఆర్‌సీ చూపించి తెచ్చాను. రెండు ప్యాకింగులు, రెండు నట్లు కూడా.

ఇప్పుడు నా టెన్షన్ అంతా ఆ ముందు నట్ల మీదే. హెడ్ కింద రెండు ఉన్నాయి. రెండూ తుప్పు ముద్దల్లా ఉన్నాయి. కుడివైపుదాని మూలలు కొంచెం అరిగినట్టు కనిపిస్తోంది. కిందటిసారి సర్వీసుకి ఇచ్చినచోట ఎవరో తప్పు పానా వేసి తిప్పినట్టున్నారు. బలవంతంగా తిప్పితే స్టడ్డు విరిగిపోతుందేమో.

పాతబండి_మాస్టారు

మీ భయం సరైనదే. ఈ పని మొత్తంలో కష్టమంతా ఆ రెండు నట్ల దగ్గరే ఉంది, మిగతాది అరగంట పని. నేను ఆర్టీసీ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు ఫిట్టర్‌గా చేశాను. విరిగిన స్టడ్లలో ముప్పాతిక వంతు తొందరపడి విరగ్గొట్టినవే. కాబట్టి ఇది కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ రోజు రాత్రి బండి సెంటర్ స్టాండ్ వేసి, చల్లగా ఉన్నప్పుడు, ఆ నట్ల చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. అది లేకపోతే కొంచెం ఆయిల్, కొంచెం డీజిల్ కలిపి చుక్కలు చుక్కలుగా వేయండి. దానికి ముందు పాత టూత్‌బ్రష్షుతోనో ఇనప బ్రష్షుతోనో స్టడ్డు చివర బయటికి కనిపించే మరలు శుభ్రం చేయండి. చాలామంది ఇది మరిచిపోతారు. నట్టు ఆ మరల మీదుగానే కదా బయటికి రావాలి. అక్కడ మట్టి గట్టిపడి ఉంటే నట్టు సగం దూరం వచ్చి బిగుసుకుంటుంది. రేపు పొద్దున మళ్లీ వేయండి, సాయంత్రం మళ్లీ. తొందరేం లేదు.

ఎల్లుండి పొద్దున ఇంజన్‌ను రెండు నిమిషాలు నడిపి ఆపండి. చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేంత వేడి వద్దు, గోరువెచ్చన చాలు. స్ప్రే కొట్టిన చోట పొగ వస్తుంది, గాలి ఆడే చోట పెట్టుకోండి. తర్వాత పదో నంబరు పానా. రెండు పళ్ల ఓపెన్ పానా అస్సలు వాడొద్దు, కిందటిసారి మూలలు అరగ్గొట్టింది అదే అయి ఉంటుంది. ఆరు మూలలూ పట్టుకునే సాకెట్ వేయండి. పన్నెండు మూలల రింగు పానా కూడా అరిగిన నట్టు మీద జారుతుంది.

ముందు విప్పే వైపు తిప్పకండి. బిగించే వైపు ఒక వెంట్రుకవాసి కదిలించండి. టిక్‌మని చిన్న శబ్దం వస్తుంది, తుప్పు పట్టు వదిలిందన్నమాట. అప్పుడు విప్పే వైపు పావు చుట్టు. మళ్లీ వెనక్కి కొంచెం. మళ్లీ ముందుకి. ఆయిల్ చుక్క. అలా ముందుకీ వెనక్కీ తిప్పుతూ రండి. చేతికి రబ్బరు సాగినట్టు మెత్తగా అనిపిస్తే వెంటనే ఆగిపోండి, స్టడ్డు మెలి తిరుగుతోందని అర్థం. అది ఆరు మిల్లీమీటర్ల స్టడ్డు, పెన్సిలంత కూడా లావు ఉండదు. బిగించేటప్పుడు కూడా పది న్యూటన్ మీటర్లకి మించి అక్కర్లేదు.

చివరి మాట. నట్టు లూజయ్యాక పైపు బరువు దాని మీద వేలాడనివ్వకండి. కింద ఒక చెక్క ముక్క పెట్టుకోండి.

మారుతి_ఎనిమిది_వందలు

కొంచెం పక్కదారి, కానీ సైలెన్సర్ అన్నాక చెప్పకుండా ఉండలేను. నాది 1998 మారుతి 800. నాలుగేళ్ల కిందట ముందు పైపు ఫ్లాంజి దగ్గర లీకయ్యేది. శబ్దం పెద్దగా లేదని వదిలేశాను. ఖమ్మం వెళ్తుంటే చలికాలమని అద్దాలన్నీ ఎత్తేశాం. గంటన్నరకి మా ఆవిడకి తలనొప్పి, బాబుకి వాంతి. ఘాట్ రోడ్డేమీ కాదే అనుకుని ఆపి దిగితే పది నిమిషాల్లో ఇద్దరూ మామూలయ్యారు. అప్పుడు వెలిగింది నాకు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు. ఇంకో గంట అలాగే వెళ్లి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయం వేస్తుంది.

బైకు మీద గాలి ఆడుతుంది కాబట్టి అంత ప్రమాదం లేదు. కానీ లీకు వెతకడానికి గ్యారేజీలో షట్టర్ దించి స్టార్ట్ చేయకండి. కారు ఉన్నవాళ్లు సైలెన్సర్ చిన్న లీకే కదా అని వదిలేయకండి.

డెట్రాయిట్_తెలుగు

ఈ చర్చ చదువుతుంటే మా తెనాలి ఇల్లు గుర్తొచ్చింది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఈ ఊరి కిందే ఉప్పు గని ఉంది. మీకు సముద్రపు గాలి ఏళ్ల తరబడి చేసేది ఇక్కడ నాలుగైదు చలికాలాల్లో అయిపోతుంది. నా పాత కరోలా మఫ్లర్ రెండుసార్లు నేనే మార్చాను.

మారుతి అన్నగారు చెప్పినట్టు కారు కింద పని చేసేవాళ్లకి ఒక్కటే విన్నపం. జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందకి దూరకండి. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, చక్రాలకి అడ్డం పెట్టి, బండిని ఒకసారి గట్టిగా ఊపి చూశాకే దూరండి. ఇటుకలు పనికిరావు, ఉన్నట్టుండి పగిలిపోతాయి.

కాకినాడ_తీరం

ఈ రోజు ఆదివారం, మొదలుపెట్టానండి. మాస్టారు చెప్పినట్టు రెండు రాత్రులు నానబెట్టాను.

ముందు క్రోమ్ షీల్డు స్క్రూలు తీశాను. తర్వాత పీట వేసుకుని ఇంజన్ ముందు కూర్చున్నాను. ఎడమ నట్టు చెప్పినట్టే టిక్‌మని వదిలింది. ఆ శబ్దం వినగానే ప్రాణం లేచొచ్చింది. ముందుకీ వెనక్కీ తిప్పుతూ పది నిమిషాల్లో వచ్చేసింది. కుడివైపు మూలలు అరిగిన నట్టుకి సాకెట్ వదులుగా అనిపించింది. నాన్నగారు పక్కనే నిలబడి చూస్తున్నారు. నట్టు మీద సన్నటి రేకు ముక్క చుట్టి సాకెట్ ఎక్కించు, పట్టుకుంటుంది అన్నారు. పట్టింది. తిరిగింది కూడా. కానీ నట్టుతో పాటు స్టడ్డు మొత్తం హెడ్‌లోంచి ఊడి చేతికొచ్చేసింది!

ఇప్పుడేం చేయాలి? హెడ్‌లో మరలు పోయాయా? పని ఆపేసి కూర్చున్నాను.

గాజువాక_వెల్డింగ్

కంగారుపడకండి, అది మంచిదే. విరిగితే ఏడవాలి గానీ మొత్తం ఊడి వస్తే సంతోషించాలి. స్టడ్డు చివర చూడండి. మరల మధ్య వెండి రంగు తీగల్లాంటివి చుట్టుకుని ఉన్నాయా? ఉంటే అల్యూమినియం మరలు ఊడొచ్చాయని. లేకపోతే హెడ్ బాగానే ఉన్నట్టు.

కాకినాడ_తీరం

వెండి తీగలేం లేవండి. నల్లటి మసి, ఎర్ర తుప్పు అంతే.

పాతబండి_మాస్టారు

అయితే బతికారు. కొత్త స్టడ్డు దొరికితే కొత్తదే వేయండి. ఆ రంధ్రంలోకి ఇయర్‌బడ్‌తో కొంచెం పెట్రోలు పెట్టి తుడవండి. స్టడ్డును ముందు చేత్తోనే ఎక్కించండి. మూడు నాలుగు చుట్లు చేత్తో సాఫీగా వెళ్తే దారి సరిగ్గా పట్టినట్టు. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే వంకరగా ఎక్కుతోంది, తీసి మళ్లీ పెట్టండి. తర్వాత స్టడ్డు మీద రెండు నట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, వాటిని ఒకదానికొకటి గట్టిగా బిగించండి. పై నట్టును పట్టుకుని తిప్పితే స్టడ్డు లోపలికి వెళ్తుంది. అడుగు తగలగానే ఆపేయండి, ఇంకా బిగించాలని చూడకండి. అల్యూమినియం మెత్తన.

బయట మిగిలిన మరలకి రాగి గ్రీజు ఉంటే కొంచెం రాయండి. ఇంకో పదేళ్ల తర్వాత విప్పే మనిషి మీకు దణ్ణం పెడతాడు. టెఫ్లాన్ టేపు, ఎం సీల్ లాంటివి అక్కడ పెట్టొద్దు, ఆ వేడికి మాడిపోతాయి.

కాకినాడ_తీరం

స్టడ్డు వేశాను. కొత్త ప్యాకింగ్‌కి చిన్న గ్రీజు చుక్క రాసి హెడ్‌లో పొగ బయటికొచ్చే పోర్టులో అంటించాను, కింద పడకుండా. రెండు సగం కాలర్లు, ఫ్లాంజి, నట్లు చేత్తో ఎక్కించి, వెనక బ్రాకెట్ బోల్టు కూడా వదులుగానే పెట్టి, తర్వాత అన్నీ బిగించాను. స్టార్ట్ చేశాను. వెనక శబ్దం పోయింది, మెత్తగా మోగుతోంది. నాన్నగారి ముఖం వెలిగిపోయింది.

కానీ ముందునుంచి చిస్ చిస్ చిస్‌మని సన్నగా వస్తోంది. తడిగుడ్డతో వెనక గొట్టం ఒక్క క్షణం మూస్తే ఇంకా గట్టిగా వస్తోంది. నట్లు ఇంకో పావు చుట్టు తిప్పితే తగ్గడం లేదు. ఇంకా బిగించాలంటే భయంగా ఉంది. కొత్త ప్యాకింగే చెడ్డదా?

నర్సాపురం_శ్రీ

బిగించకండి, ఆగండి! నాకూ స్కూటీ మీద అచ్చం ఇలాగే అయింది. ఒక్కటి అడుగుతాను. పాత ప్యాకింగ్ బయటికి తీశారా? మీరు రాసినదాంట్లో కొత్తది పెట్టానని ఉంది గానీ పాతది తీశానని ఎక్కడా లేదు.

పైపు తీయగానే అది దానంతట అది రాలి పడుతుందనుకుంటాం. ఏళ్ల తరబడి వేడికి అణిగి పోర్టు లోపల అతుక్కుపోతుంది. పైన మసి పట్టి హెడ్ రంగులోనే ఉంటుంది, చూస్తే హెడ్‌లో ఒక భాగం అనుకుంటాం. దాని మీద కొత్తది పెడితే ఏదో ఒక పక్క ఎత్తుగా ఉండి లీకవుతుంది. చల్లారాక పైపు దింపి టార్చి వేసి చూడండి.

కాకినాడ_తీరం

శ్రీ గారూ, మీరు చెప్పింది నిజం!

చల్లారాక విప్పి, నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వేశాను. మొదట ఏమీ కనిపించలేదు, అంతా నల్లటి గుండ్రటి అంచే. సన్న స్క్రూడ్రైవర్ మొనతో అంచు మీద మెల్లగా గీశాను. ఒకచోట మసి లేచి రాగి రంగు తళుక్కుమంది. హెడ్ అల్యూమినియం కదా, అక్కడ రాగి రంగు ఎందుకుంటుంది! మొన దాని కిందకి దూర్చి కొంచెం కొంచెం లేపుతూ చుట్టూ తిరిగాను. సగం చక్రం విరిగి వచ్చింది, మిగతా సగం తర్వాత వచ్చింది. కాగితమంత పలచగా అణిగిపోయి ఉంది. పక్కన పెట్టి కొత్తదానితో పోల్చి చూస్తే దీనికి మూడింతల మందం ఉంది కొత్తది.

పాతబండి_మాస్టారు

శ్రీ గారు పట్టేశారు. నేను చెప్పాల్సింది, మరిచిపోయాను, తప్పు నాదే. ఇంకోటి కూడా చెబుతున్నాను. పాతకాలపు ప్యాకింగుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండేది. అది పొడి చేసి ఊదకండి. మిగిలిన ముక్కలుంటే తడిగుడ్డతో తుడిచి, గుడ్డతో సహా కవర్లో కట్టి పారేయండి.

మీరు కొన్న రెండో ప్యాకింగ్ ఇప్పుడు వేయండి. మొదటిది ఒకసారి అణిగింది కాబట్టి మళ్లీ పనికిరాదు. రెండు నట్లనీ ఒకదాని తర్వాత ఒకటి అర చుట్టు, అర చుట్టు చొప్పున బిగించుకుంటూ రండి. ఒకటి పూర్తిగా బిగించి తర్వాత రెండోదాని దగ్గరికి వెళ్తే ఫ్లాంజి ఏటవాలుగా కూర్చుంటుంది. ముందువి బిగిశాకే వెనక బోల్టు. వెనకది ముందు బిగిస్తే పైపు లాగినట్టుండి జాయింట్ మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది.

కాకినాడ_తీరం

అయిపోయిందండి. చల్లటి ఇంజన్ మీదే జాయింట్ చుట్టూ సబ్బు నురగ రాసి స్టార్ట్ చేశాను. ఒక్క బుడగ కూడా రాలేదు. చిస్ శబ్దం లేదు. మొదటి పది నిమిషాలు కొత్త సైలెన్సర్ మీది ఆయిల్ కాలి నీలం పొగ వచ్చింది, తర్వాత ఆగిపోయింది.

పుత్లీబౌలి_కుర్రాడు

సూపర్ బ్రదర్! ఆ పొగ మామూలే. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక, చల్లగా ఉన్నప్పుడు నట్లు ఒకసారి సరిచూసుకోండి. ప్యాకింగ్ అణిగి కొంచెం వదులవుతాయి.

కొత్త_సభ్యుడు_నెల్లూరు

నమస్తే అన్నా, మధ్యలో వస్తున్నాను. నాది 2021 బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి. దీనికీ ఇలాగే చేయొచ్చా?

ఓరుగల్లు_రైడర్

మీ బండి సైలెన్సర్‌లో పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది తమ్ముడూ, పైపుకి ఆక్సిజన్ సెన్సర్ వైరు కూడా ఉంటుంది. ఆ వైరు తెగిందంటే ఇంజన్ లైటు వెలుగుతుంది, పెట్రోలు లెక్క తప్పుతుంది. వారంటీలో ఉందేమో ముందు చూసుకోండి. విప్పాల్సి వస్తే సెన్సర్ కప్లర్ తీశాకే పైపు మీద చెయ్యి వేయండి. కన్వర్టర్ కోసం పాత సైలెన్సర్ ఎక్కువ ధరకి కొంటామని వచ్చేవాళ్లుంటారు. అది తీయించేసి ఖాళీ డబ్బా వేయించుకోకండి.

కాకినాడ_తీరం

మూడు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను.

నట్లు సరిచూశాను. ఒకటి కొంచెం తిరిగింది, ఇంకోటి గట్టిగానే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా అయిపోవచ్చింది, నిన్న తీసుకెళ్లాను. ఈ తరం ఫోర్ స్ట్రోక్ బళ్లకి కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం లోపు ఉండాలట, దానికి చాలా తక్కువే వచ్చింది. ఫట్ ఫట్ పూర్తిగా పోయింది.

మాస్టారు చెప్పిన నీటి సంగతి నాన్నగారికి వివరించాను. ఆదివారం ఆదివారం బండిని బీచ్ రోడ్డు మీదుగా ఉప్పాడ దాకా తీసుకెళ్లి వస్తున్నారు, సైలెన్సర్ బాగా కాగాలని. రాగానే మంచినీళ్లతో కింద ఉప్పు కడుగుతున్నారు. కొత్తదాని అడుగున చిన్న రంధ్రం ఉంది. ఇదేంటి, చిల్లుదే ఇచ్చారా అన్నారు ముందు. అది నీరు కారడానికే పెట్టారేమో అనిపించింది, కానీ మాస్టారిని అడిగి చెబుతానన్నాను.

పాతబండి_మాస్టారు

అవును, నీరు పోవడానికే. మూయకండి. మట్టి పట్టి పూడుకుపోతే సన్న తీగతో పొడవండి. పొద్దున స్టార్ట్ చేసిన కొత్తలో అందులోంచి రెండు చుక్కలు కారితే కంగారుపడొద్దని నాన్నగారికి చెప్పండి.

కాకినాడ_తీరం

చెప్పానండి. ఈ రోజు పొద్దున కారింది, పిలిచి మరీ చూపించారు. ఇప్పుడు బండి గేటు దగ్గరే స్టార్ట్ చేస్తున్నారు.